వాన ఎంత పడుతుందో కాదు, మా గల్లీకి నీళ్ళు ఎప్పుడొస్తాయో చెప్పండి

ఎడిటర్ గారికి నమస్కారం,

పోయిన వారం రాత్రి తొమ్మిదిన్నరకి మా ఇంట్లో ఫోన్లన్నీ ఒకేసారి మోగాయి. రానున్న మూడు గంటల్లో మీ జిల్లాలో భారీ వర్షం, అప్రమత్తంగా ఉండండి అని మెసేజ్. మా అత్తమ్మ వెంటనే లేచి బియ్యం బస్తా బల్ల మీదకి ఎత్తమంది, మా ఆయన బండి తీసుకుపోయి మెయిన్ రోడ్డు మీద ఎత్తుగా ఉన్నచోట పెట్టొచ్చాడు, నేను ఫ్రిజ్ ప్లగ్గు పీకేశాను. ఆ రాత్రి మా దగ్గర నాలుగు చినుకులు కూడా పడలేదు, జిల్లాకి ఇంకో చివర మాత్రం గట్టిగా కొట్టిందని పొద్దున తెలిసింది. అంటే మెసేజ్ అబద్ధం అని నేననట్లేదు, అది నిజమే, కానీ ఆ నిజంతో మా ఇంట్లో ముగ్గురం ఏం చెయ్యాలో మాకు తెలియలేదు. ఇలా రెండు మూడు సార్లయితే నాలుగోసారి ఎవరూ బియ్యం బస్తా ఎత్తరు. ఆ నాలుగోసారే నిజంగా నీళ్ళొస్తే ఎట్లా అన్నదే నా భయం, అందుకే ఇది రాస్తున్నా. కొంచెం పెద్దదైనా దయచేసి వెయ్యండి.

మేం సరూర్‌నగర్ చెరువు కింద ఉంటాం, గ్రౌండ్ ఫ్లోర్. 2020 అక్టోబర్ 13, మంగళవారం. మధ్యాహ్నం నుంచి ముసురుగా ఉన్న వాన సాయంత్రానికి కుండపోత అయింది, రాత్రి బాగా పొద్దుపోయాక మా దగ్గర కాస్త తగ్గింది, హమ్మయ్య గండం గడిచింది అనుకుని దుప్పటి కప్పుకున్నాం. అర్ధరాత్రి దాటాక బాత్రూంలో గుడగుడమని చప్పుడు. లేచి లైటు వేసి చూస్తే మోరీ జాలీలోంచి బుడగలు వస్తున్నాయి, ఆ తర్వాత నల్లటి నీళ్ళు, పావుగంటలో హాల్లో పాదాలు మునిగాయి. గేటు సందులోంచి కూడా వచ్చాక ఇంక ఆపటం మన వల్ల కాదని అర్థమైంది. "బిడ్డా, ముందు నా మందుల డబ్బా తియ్యి" అని అత్తమ్మ అరుస్తోంది, ఆమెకి బీపీ, షుగరు రెండూ ఉన్నాయి. పైన వాటాలో ఉండే వదిన తలుపు తీసి మమ్మల్ని పైకి లాక్కుంది. తెల్లారి చూస్తే మా హాలు గోడ మీద నేల నుంచి నాలుగడుగుల రెండంగుళాల ఎత్తున గోధుమ రంగు గీత. ఇల్లు ఆరటానికి నెల పట్టింది, పిల్లల సర్టిఫికెట్లు మాత్రం ఎప్పటికీ ఆరలేదు, ఉండలైపోయాయి.

ఇక్కడ నేను చెప్పదలచుకున్న సంగతి ఒకటే, మా ఇంట్లోకి నీళ్ళు వాన పడుతున్నప్పుడు రాలేదు, వాన తగ్గాక వచ్చాయి. పైన ఎక్కడెక్కడో కురిసిన నీళ్ళు ఒక చెరువు నిండి మత్తడి, అంటే అలుగు, దుంకి, నాలాలో పడి, ఇంకో చెరువు నింపి, అక్కణ్ణుంచి మా చెరువుకి, మా చెరువు నుంచి మా గల్లీకి దిగటానికి కొన్ని గంటలు పట్టింది. ఆ కొన్ని గంటలే మాకు దక్కాల్సిన హెచ్చరిక. ఆకాశం సంగతి ముందే తెలుసు, బంగాళాఖాతంలో వాయుగుండం ఆ పొద్దున్నే కాకినాడ దగ్గర తీరం దాటి మన వైపు వస్తోందని ఉపగ్రహాల్లో అందరూ చూశారు, టీవీల్లో రోజంతా ఆ తెల్లటి సుడి తిరుగుతూనే ఉంది. నేల మీదకి దిగాక ఆ నీళ్ళు ఎటు పోతాయన్న లెక్క మాత్రం మాకు ఎవరూ చెప్పలేదు.

నేను పదకొండేళ్ళు మ్యాపులు చేసే ప్రైవేటు కంపెనీలో పని చేశాను. ఉపగ్రహం తీసిన బొమ్మల మీద రోడ్లు, ఇళ్ళు, చెరువులు గీయటం, ఎత్తుపల్లాల మ్యాపులు సరిచూడటం, ఇదే పని. పగలంతా స్క్రీను మీద ఊళ్ళ ఎత్తులు దిద్దుతూ, మా ఇల్లు చెరువు అలుగు కంటే ఎంత కిందుందో మాత్రం 2020 దాకా నేను చూసుకోలేదు. అప్పట్నుంచి ఖాళీ దొరికినప్పుడల్లా ఈ వరద లెక్కల గురించే చదువుతున్నా, తెలిసినవాళ్ళని అడుగుతున్నా.

అత్తమ్మ వాళ్ళది జనగామ వైపు పల్లె. వాళ్ళ ఊళ్ళో నీరటి, అంటే చెరువు నీళ్ళు చూసుకునే మనిషి, ఉండేవాడట. మబ్బు పట్టగానే కట్ట మీదకి పోయి, పై ఊరి చెరువు మత్తడి దుంకిందా లేదా అని మనిషిని పంపి కనుక్కుని, దుంకిందంటే మన చెరువుకి ఏ జాముకి నీళ్ళొస్తాయో చెప్పి ముందే తూము తీసేవాడట, కింద పొలాలవాళ్ళకి కబురు పెట్టేవాడట. గొలుసుకట్టు చెరువులు కాబట్టి పైన ఏం జరిగిందో తెలిస్తే కింద ఏం జరగబోతుందో చెప్పొచ్చు. ఇప్పుడు హైడ్రలాజికల్ మోడల్ అని కంప్యూటర్లలో చేసేది కూడా ఇదే కదా. పైన ఎంత పడింది, అందులో నేల ఎంత తాగింది, మిగిలింది ఏ దారిన ఎంత జోరుగా పారింది, ఎక్కడ ఆగింది. ఈ నాలుగు లెక్కలే. నీరటికి తన ఊరు, పై ఊరు తెలుసు, ఉపగ్రహానికి నీళ్ళు పారివచ్చే ప్రాంతం మొత్తం ఒక్కసారే కనిపిస్తుంది. కానీ నీరటి చెరువు కట్ట మీద నిలబడి చూసినంత దగ్గరగా అది చూడలేదు. ఈ తేడా చాలామందికి తెలియక ఉపగ్రహాలు ఉన్నాయి కదా అన్నీ అవే చెప్తాయి అనుకుంటున్నారు, ఇంకొంతమంది ఇన్ని రాకెట్లు పంపి మా గల్లీ వరద చెప్పలేకపోయారు అని తిడుతున్నారు. రెండూ సరి కాదు.

ముందు వాన సంగతి. మన ఇన్‌శాట్ 3డీఆర్, 2024 ఫిబ్రవరిలో పంపిన ఇన్‌శాట్ 3డీఎస్, ఇవి భూమికి దాదాపు 36 వేల కిలోమీటర్ల ఎత్తున ఒకేచోట ఉన్నట్టుగా మన దేశాన్ని రాత్రీ పగలూ చూస్తుంటాయి. అవి చూసేది మబ్బు పై భాగాన్ని. మబ్బు తల ఎంత చల్లగా ఉంటే అంత ఎత్తుకి పెరిగినట్టు, అంత ఎత్తుకి పెరిగితే అంత గట్టి వాన అని అంచనా కడతారు. చాలాసార్లు సరిపోతుంది, కానీ పైన చల్లగా ఉండి కింద చినుకు రాల్చని మబ్బులుంటాయి, ఎత్తు పెరగకుండానే కుమ్మరించే మబ్బులూ ఉంటాయి. ఇంకో రకం ఉపగ్రహాలు మైక్రోవేవ్‌తో మబ్బు లోపలి నీటి చుక్కల్ని, మంచు పలుకుల్నే పట్టుకుంటాయి, 2014లో అమెరికా, జపాన్ కలిసి పంపిన జీపీఎం అలాంటిదే, దాంతో పాటు వేరే దేశాల ఉపగ్రహాల డేటా కూడా కలిపి అరగంటకొకటి చొప్పున ప్రపంచం మొత్తానికి వాన మ్యాపు ఫ్రీగా ఇస్తున్నారు. చాలా గొప్ప పని. కానీ ఆ మ్యాపులో ఒక్కో గడి సుమారు పది కిలోమీటర్లు, అంటే సరూర్‌నగర్, ఎల్బీనగర్, నాగోల్ అన్నీ పట్టేంత పెద్దది, పైగా అన్నిటికంటే తొందరగా వచ్చే మ్యాపు కూడా చేతికి రావటానికి నాలుగు గంటలు పడుతుంది. 2020లో ఆ రోజు బేగంపేటలో 19 సెంటీమీటర్లు పడితే ఘట్‌కేసర్ వైపు 30 దాటింది. అదే ఊరు, అదే వాయుగుండం. మా నాలాకి నాలుగు గంటలంటే అప్పటికే అంతా అయిపోతుంది.

గోదావరి దగ్గర లెక్క వేరు, అక్కడ నాలుగు గంటలు ఆలస్యమైనా నష్టం లేదు. భద్రాచలానికి వచ్చే నీళ్ళు మహారాష్ట్రలో, ఛత్తీస్‌గఢ్ అడవుల్లో పడ్డవి, ప్రాణహిత, ఇంద్రావతి మోసుకొచ్చేవి. అక్కడి అడవుల్లో అడుగడుగునా వానమాపకం పెట్టటం అయ్యే పని కాదు, అలాంటిచోట ఉపగ్రహం చూసిన వానే పెద్ద ఆధారం. మన బాలానగర్‌లోనే ఉన్న ఎన్‌ఆర్‌ఎస్‌సీ, అంటే ఇస్రో ఉపగ్రహాల డేటా చూసే కేంద్రం వాళ్ళు, గోదావరికి ఇలాంటి వరద అంచనా మోడల్ తయారు చేశారు, సెంట్రల్ వాటర్ కమిషన్ వాళ్ళు నది మీద పైనున్న స్టేషన్లలో నీటిమట్టం చూసి కింద ఎప్పటికి ఎంత పెరుగుతుందో చెప్తారు. 2022 జులైలో భద్రాచలం దగ్గర 71.3 అడుగులకి వచ్చింది, 1986 ఆగస్టులో వచ్చిన 75.6 తర్వాత అంత పెద్దది అదే. ఆ ఊళ్ళో ఎవర్ని అడిగినా 43 అడుగులు మొదటి హెచ్చరిక, 48 రెండోది, 53 మూడోది అని తడుముకోకుండా చెప్తారు. నాకు అది చూస్తే ఈర్ష్యగా ఉంటుంది. అక్కడ అంకె వినగానే తమ వీధి మునుగుతుందో లేదో మనిషికి తెలుసు, ఏ అంకెకి గొడ్లని విప్పాలో, ఏ అంకెకి ఇల్లు వదలాలో తెలుసు. ఇక్కడ హైదరాబాద్‌లో మాకు రెడ్ అలర్ట్, ఆరెంజ్ అలర్ట్ అని రంగులు చెప్తారు, ఆ రంగుకి మా గుమ్మానికి ఏం సంబంధమో ఎవరికీ తెలియదు.

చిన్న వాగుల దగ్గర ఎంత ఘోరం జరుగుతుందో 2023 జులైలో చూశాం. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్లు, భూపాలపల్లి జిల్లా మోరంచపల్లిలో మోరంచవాగు తెల్లారేసరికి ఊరిని ముంచేసింది, జనం ఇళ్ళ కప్పులెక్కి కూర్చున్నారు. మరుసటి ఏడాది ఆగస్టు ఆఖర్లో, సెప్టెంబర్ మొదట్లో ఖమ్మంలో మున్నేరు, విజయవాడలో బుడమేరు. ఇవేవీ గోదావరంత పెద్దవి కావు, వీటికి రోజులు కాదు గంటలే టైము. ఇలాంటిచోట ఉపగ్రహం వాన ఒక్కటే సరిపోదు, బేగంపేటలో వాతావరణ శాఖ వాళ్ళు వాన మబ్బుల్ని పట్టుకునే డాప్లర్ రాడార్ లాంటివి, రాష్ట్రమంతా వెయ్యికి పైగా ఉన్న ఆటోమేటిక్ వాన కేంద్రాలు, ఈ మూడూ కలిపి అప్పటికప్పుడు ఒకదాని తప్పు ఇంకోటి దిద్దుకుంటూ పోవాలి. మూడూ మన దగ్గర ఉన్నాయి కదా.

రెండో లెక్క నేల ఎంత తాగుతుందనేది. 2020లో సెప్టెంబర్ అంతా వానలే, నేల నాని ఉంది, చెరువులు నిండి ఉన్నాయి. పిండిన బట్ట నీళ్ళు పీలుస్తుంది, నానిన బట్ట పీల్చదు, అంతే కదా. అదే వాన జూన్ మొదట్లో పడి ఉంటే ఎంతో కొంత నేలే తాగేసేది. 2015లో నాసా పంపిన స్మాప్ ఉపగ్రహం ఈ నేల తడినే కొలుస్తుంది, రెండు మూడు రోజులకోసారి, పెద్ద పెద్ద గడుల్లో. గోదావరికి బాగా పనికొస్తుంది. సిటీలో మాత్రం అసలు నేల ఎక్కడుంది తాగటానికి. నేను కంపెనీలో ఉన్నప్పుడు మా ఏరియా పాత బొమ్మలు, కొత్త బొమ్మలు పక్కపక్కన పెట్టి చూశాను, పదిహేనేళ్ళలో పచ్చ రంగు పోయి మొత్తం బూడిద రంగు, చెరువు నిండితే మునిగే శిఖం భూముల్లో కూడా అపార్ట్‌మెంట్లు. మోడల్‌కి పాత మ్యాపు ఇస్తే అది ఇంకా అక్కడ పొలాలున్నాయనే లెక్క కట్టి సగం నీళ్ళు నేలలోకి ఇంకిపోయాయని చెప్తుంది. ఏటా వానాకాలం ముందు ఉపగ్రహ బొమ్మలతో ఈ మ్యాపు మార్చటం పెద్ద ఖర్చు కూడా కాదు, బొమ్మలు ఫ్రీగానే దొరుకుతున్నాయి.

మూడోది ఎత్తుపల్లాలు, ఇది నా పని కాబట్టి కొంచెం వివరంగా చెప్తా. నీళ్ళు పల్లమెరుగు అంటారు, కానీ కంప్యూటర్‌కి పల్లం మనం చెప్పాలి. ప్రపంచంలో చాలామంది వాడేది 2000 ఫిబ్రవరిలో అమెరికా స్పేస్ షటిల్ పదకొండు రోజులు తిరిగి రాడార్‌తో కొలిచిన ఎత్తులు. అప్పటికి మన ఔటర్ రింగ్ రోడ్డు లేదు, సగం ఫ్లైఓవర్లు లేవు. 2005లో శ్రీహరికోట నుంచి పంపిన మన కార్టోశాట్ 1 రెండు కెమెరాలతో ఒకే చోటుని రెండు కోణాల్లో చూసి మన దేశానికి ఎత్తుల మ్యాపు ఇచ్చింది, అది ఇస్రో వాళ్ళ మ్యాపుల వెబ్‌సైట్ భువన్‌లో దొరుకుతుంది. రెండిట్లోనూ ఉన్న చిక్కు ఏంటంటే పైనుంచి చూసినప్పుడు బిల్డింగ్ కప్పులు, చెట్ల తలలు కూడా నేలలాగే కనిపిస్తాయి. అపార్ట్‌మెంట్ ఒక గుట్ట అవుతుంది, ఫ్లైఓవర్ ఒక ఆనకట్ట అవుతుంది. స్లాబు వేసి మూసేసిన నాలా అసలు కనిపించదు. నేను ఒకసారి మా ఏరియా ఎత్తుల మ్యాపు తీసి నీళ్ళు ఎటు పారతాయో గీయమని సాఫ్ట్‌వేర్‌ని అడిగితే, మా ఇంటి వెనక నాలా ఉన్నచోట దానికి ఏమీ కనపడక నీళ్ళని తీసుకుపోయి పక్క కాలనీ ఫంక్షన్ హాలు మీదుగా పారించింది. ఆ ఎత్తుల్లో కొన్ని మీటర్ల తప్పు ఉంటుంది, మా ఇంట్లోకి వచ్చిన నీళ్ళేమో నాలుగడుగులు. మీటర్ల తప్పున్న మ్యాపుతో అడుగుల వరద ఎట్లా చెప్తారు. నదికి అది సరిపోతుంది, గల్లీకి సరిపోదు. గల్లీకి డ్రోన్‌తోనో విమానంతోనో లేజర్ సర్వే చెయ్యాలి, నాలాల వెడల్పు, లోతు, ఎక్కడ కల్వర్టు ఉంది, ఎక్కడ పైపు అడ్డం పోయింది, ఇవన్నీ మనిషి దిగి కొలిచి మోడల్‌కి ఇవ్వాలి.

ఇక నాలుగో లెక్క, నీళ్ళు ఎక్కడ ఆగాయన్నది, నాకు అన్నిటికంటే బాధ కలిగించిన విషయం. వరద వచ్చాక ఎక్కడెక్కడ నీళ్ళున్నాయో చూడటానికి రాడార్ ఉపగ్రహాలుంటాయి. మామూలు కెమెరాకి మబ్బు అడ్డం, వరదప్పుడేమో మబ్బులే మబ్బులు, రాడార్ మాత్రం మబ్బులోంచి చూడగలదు, చీకట్లో కూడా. యూరప్ వాళ్ళ సెంటినెల్ 1, మన ఈఓఎస్ 04, 2025 జులై 30న శ్రీహరికోట నుంచే పోయిన నిసార్, ఇవన్నీ ఆ జాతివే. నిలవ నీళ్ళు అద్దంలా ఉంటాయి కాబట్టి రాడార్ తరంగం తగిలి అవతలికి జారిపోతుంది, తిరిగి రాదు, అందుకని బొమ్మలో నీళ్ళు నల్లగా పడతాయి. పొలాలు మునిగితే చక్కగా నల్లటి మచ్చ కనిపిస్తుంది. కానీ ఇళ్ళ మధ్య నీళ్ళు నిలిస్తే ఏమవుతుందంటే తరంగం ముందు నీళ్ళకి తగిలి, అక్కణ్ణుంచి గోడకి తగిలి, మళ్ళీ వచ్చిన దారినే ఉపగ్రహానికి తిరిగిపోతుంది, అప్పుడు అక్కడ మామూలు కంటే ఇంకా తెల్లగా మెరుస్తుంది. ఆ వరద తర్వాత దొరికిన రాడార్ బొమ్మ ఒకటి తెరిచి నేను మా కాలనీ వెతికాను. సిటీ బయట పొలాలు నల్లగా ఉన్నాయి, చెరువు నల్లగా ఉంది, మా గల్లీ తెల్లగా ఉంది. నల్లగా ఉన్నదే వరద అని లెక్క కట్టే మ్యాపులో మా గల్లీ పొడిగా ఉన్నట్టే. మేమింకా బురద ఎత్తి పోస్తూనే ఉన్నాం, అత్తమ్మ పై వాటాలో వదిన వాళ్ళ మంచం మీద ఉంది, మ్యాపులో మా దగ్గర నీళ్ళు లేవు. నాకు కళ్ళ నీళ్ళు తిరిగాయి సార్.

అది ఉపగ్రహం తప్పు కాదు, చదివే పద్ధతిలో ఉంది, వరదకి ముందు బొమ్మ, తర్వాత బొమ్మ పక్కన పెట్టి ఎక్కడ తెలుపు పెరిగిందో చూస్తే సిటీలో కూడా కొంత పట్టుకోవచ్చు. పైగా ఒక్కో ఉపగ్రహం అదే చోటికి అదే కోణంలో మళ్ళీ రావటానికి పన్నెండు రోజులు పట్టొచ్చు, ఆరు గంటల్లో వచ్చి పోయే వరద దాని కంట పడాలన్న రూలేం లేదు. కాబట్టి కింద ఏం జరిగిందో కింద ఉన్నవాళ్ళే చెప్పాలి. అందుకని మేం ఒక పని చేశాం. మా గల్లీలో, పక్క గల్లీలో 37 ఇళ్ళ గోడల మీద మిగిలిన నీటి గీతలు కొలిచాం. ఒక్కో ఇంటి నేల ఒక్కో ఎత్తులో ఉంటుంది కాబట్టి ఊరికే టేపుతో కొలిస్తే సరిపోదు, మా పక్కింటి బాబాయ్ మేస్త్రీ, ఆయన నీళ్ళ ట్యూబు తెచ్చాడు, తెల్లటి సన్నటి పైపులో నీళ్ళు నింపి ఒక కొస ఈ ఇంటి గీత దగ్గర, ఇంకో కొస పక్కింటి గోడ దగ్గర పట్టుకుంటే రెండు కొసల్లో నీళ్ళు ఒకే మట్టంలో నిలబడతాయి, అట్లా ఇల్లు ఇల్లు దాటుకుంటూ కల్వర్టు గోడ దాకా లెవల్ పట్టాం. మూడు ఆదివారాలు పట్టింది. నీళ్ళు ఎన్నింటికి వచ్చాయి, ముందు ఎటునుంచి వచ్చాయి, ఎన్నింటికి తగ్గటం మొదలైంది అని ప్రతి ఇంట్లో అడిగి రాసుకున్నాం. పై గల్లీవాళ్ళకి మాకంటే నలభై నిమిషాలు ముందు వచ్చాయి, ఆ రోజు వాళ్ళు ఫోన్ చేసి ఉంటే సర్టిఫికెట్లు దక్కేవి. మోడల్ చేసేవాళ్ళకి ఇంతకంటే ఏం కావాలి, వాళ్ళ లెక్క మా గోడ మీది గీతకి సరిపోయిందా లేదా చూసుకుని సరిపోయేదాకా దిద్దుకోవటానికి ఇదే కదా కొలబద్ద. ఆ కాగితాలన్నీ ఫెయిర్ చేసి, మ్యాపు గీసి, ఒక ఆఫీసులో ఇచ్చాం. స్టాంపు వేసి తీసుకున్నారు. తర్వాత మూడుసార్లు పోయి అడిగితే ఆ సీటులో మనిషి మారారని, ఫైలు కనపడట్లేదని చెప్పారు. మా దగ్గర జిరాక్స్ ఉంది.

మన ఊరికి వరద పాఠం కొత్త కాదు. 1908 సెప్టెంబర్ 28న మూసీ వేల మందిని తీసుకుపోయింది, అఫ్జల్‌గంజ్ దగ్గర ఆస్పత్రి ఆవరణలో చింతచెట్టు ఎక్కి 150 మంది దాకా బతికారు, ఆ చెట్టు ఇప్పటికీ ఉంది, నేను మా పిల్లల్ని తీసుకుపోయి చూపించాను. ఆ తర్వాతే మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారిని పిలిపిస్తే ఆయన ముందు వాన ఎంత పడింది, ఏ దారిన వచ్చింది, పైన ఎన్ని చెరువులు తెగాయి అని లెక్క తీసి, పైన రిజర్వాయర్లు కట్టాలన్నారు, అట్లా ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో వచ్చాయి. ఆ రెండూ ఉన్నాక కూడా 2025 సెప్టెంబర్ 26 రాత్రి గేట్లెత్తాక మూసీ పొంగి ఎంజీబీఎస్ బస్టాండ్‌లోకి నీళ్ళొచ్చాయి, ఊళ్ళకి పోదామని వచ్చిన జనం అక్కడే చిక్కుకుపోయారు. వికారాబాద్ కొండల మీద వాన పడితే గండిపేటకి, అంటే ఉస్మాన్‌సాగర్‌కి, ఎంత నీరు ఎప్పటికి చేరుతుందనేది ఉపగ్రహం, రాడార్, వాన కేంద్రాలు కలిపి లెక్క కట్టగలిగే పనే, అది నదిలాంటిదే, గల్లీ లాంటిది కాదు. ఆ లెక్క ముందే చేతిలో ఉంటే రిజర్వాయర్ నిండేదాకా ఆగకుండా పగటిపూటే కొంచెం కొంచెం వదిలి జాగా చేసుకోవచ్చు, ఎన్ని క్యూసెక్కులు వదిలితే చాదర్‌ఘాట్ దగ్గర, మూసారాంబాగ్ దగ్గర ఏ టైముకి ఎన్ని అడుగులు వస్తాయో ముందే చెప్పొచ్చు. మూసీ ఒడ్డున మూసానగర్, శంకర్‌నగర్ బస్తీల్లో ఉండేవాళ్ళకి కావాల్సింది క్యూసెక్కుల అంకె కాదు, రాత్రి రెండింటికల్లా మీ గుమ్మం దాకా వస్తుంది, పదింటికే పిల్లల్ని తీసుకుని స్కూల్ బిల్డింగుకి పొండి అన్న మాట.

నేనడిగేవి పెద్ద కోరికలు కాదు. మా నాలా మీద, పైన ఉన్న ప్రతి చెరువు మత్తడి దగ్గర అడుగులు రాసిన కొలబద్ద పెట్టండి, వీలైనచోట నీటిమట్టం తనంతట తాను పంపే చిన్న సెన్సార్ పెట్టండి, ఆ అంకెలు అందరికీ ఫోన్‌లో కనపడేలా పెట్టండి. అవి లేకుండా ఎన్ని ఉపగ్రహాలు ఎగరేసినా మోడల్ చెప్పింది నిజమో కాదో తేల్చటానికి దిక్కుండదు. 2022 డిసెంబర్‌లో నాసా, ఫ్రాన్స్ వాళ్ళు పంపిన స్వాట్ ఉపగ్రహం పైనుంచే చెరువుల నీటిమట్టం కొలుస్తోంది, కానీ 21 రోజుల చక్రం దానిది, అది వచ్చినప్పుడు మన కొలబద్ద అంకెతో సరిపోల్చుకుంటే కొలబద్ద లేని చెరువుల సంగతి కూడా నమ్మకంగా చెప్పొచ్చు. ఇంకోటి, ప్రతి వరద తర్వాత జనం గోడల మీది గీతలు, ఫోటోలు, టైములు తీసుకునే పద్ధతి ఒకటి ఉండాలి, వార్డు ఆఫీసులో ఒక రిజిస్టర్ చాలు. సున్నం వేసేశాక గీత పోతుంది, వారం పది రోజుల్లోనే కొలవాలి.

హెచ్చరిక ఇచ్చేటప్పుడు జిల్లా పేరు కాకుండా నాలా పేరు చెప్పండి. ఖచ్చితంగా తెలియకపోతే పదింట్లో ఆరుసార్లు వచ్చే అవకాశం ఉంది అని అలాగే చెప్పండి, మాకు అర్థమవుతుంది, పొలం చేసేవాళ్ళం మబ్బు చూసి విత్తనం వేసినవాళ్ళమే కదా. ఉత్తపుణ్యానికి ఒకసారి బియ్యం బస్తా ఎత్తినా మాకు కోపం రాదు, ఎందుకెత్తామో తెలిస్తే చాలు. షాద్‌నగర్‌లో ఉపగ్రహాల డేటా దిగే పెద్ద పెద్ద డిష్‌లు మా ఇంటి నుంచి బస్సులో రెండు గంటల దూరం కూడా లేవు. అక్కడ దిగిన డేటా బాలానగర్‌లో మ్యాపు అవుతోంది, బేగంపేటలో వాన లెక్క అవుతోంది, ఆఫీసుల్లో రిపోర్టు అవుతోంది, మా గల్లీ దాకా వచ్చేసరికి ఒక రంగు మాత్రమే మిగులుతోంది.

ఈ ఏడు అక్టోబర్ ఇంకా రాలేదు, చెరువు అప్పుడే అలుగుకి అడుగున్నర కిందుంది, నిన్న సాయంత్రం నేను, బాబాయ్ పోయి చూసొచ్చాం. కల్వర్టు గోడ మీద బాబాయ్ పసుపు రంగు పెయింటుతో అర అడుగుకొకటి గీతలు గీశాడు, 2020 నీళ్ళు వచ్చినచోట ఎర్ర గీత. పై గల్లీవాళ్ళతో కలిసి వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నాం, వాన పడ్డ రాత్రి గంటకొకరు వంతులేసుకుని టార్చి పట్టుకుని పోయి ఏ గీత దాకా వచ్చిందో అందులో పెడతారు. 37 ఇళ్ళ కొలతల జిరాక్స్, మ్యాపు మా ఇంట్లోనే ఉన్నాయి. ఈ లెక్కలు కట్టే ఇంజినీర్లు ఎవరైనా చూస్తానంటే మీ పత్రిక ద్వారా కబురు చేసినా చాలు, నేనే తీసుకొచ్చి ఇస్తాను, కల్వర్టు దగ్గరికి తీసుకుపోయి చూపిస్తాను.

ఇట్లు,
మీ పాఠకురాలు,
సరూర్‌నగర్, హైదరాబాద్